ప్యూరిఫైయర్ కొనేముందు ఆ గాలి ఎటునుంచి వస్తోందో చూడండి

ప్రశ్న: మాది భీమవరం. రొయ్యల ఫీడ్, చెరువు మందులు అమ్మే డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. కింద గోడౌన్, పైన మొదటి అంతస్తులో ఆఫీసు. మెట్లు గోడౌన్ లోపలి నుంచే పైకి వస్తాయి. 500 చదరపు అడుగుల హాల్లో పన్నెండు మందిమి కూర్చుంటాం. పోయిన దసరాకి ఫాల్ సీలింగ్, కొత్త టేబుళ్లు, రెండు స్ప్లిట్ ఏసీలు పెట్టించారు. రోడ్డు దుమ్ము వస్తోందని తూర్పు కిటికీలకు కదలని అద్దాలు బిగించేశారు. దక్షిణం వైపు ఖాళీ స్థలం, కొబ్బరి చెట్లు. అటు ఒక కిటికీ ఉంది కానీ ఏసీలు వచ్చాక ఎవరూ తెరవరు. ఉత్తరాన బాత్రూమ్, దాని కిటికీ కింద జనరేటర్. అప్పటి నుంచి పదకొండు దాటితే తలనొప్పి, మూడింటికి కళ్లు మూతలు పడటం, ఇద్దరు ముగ్గురికి ఆగని తుమ్ములు. ఆదివారం ఇంట్లో ఉంటే ఇవేవీ ఉండవు. పడమటి గోడకి బీరువా వెనక నల్లగా బూజు పట్టింది. మాలో ఒకమ్మాయికి ఐదో నెల. డాక్టరు గారు చూసి టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఓనరు గారు మంచివారే, ఇరవై వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫైయర్ కొంటానంటున్నారు. మాతో పనిచేసే ఒకాయన నాలుగు మొక్కలు పెట్టుకుంటే చాలంటున్నారు. ఏది మంచిది?
– ఒక సోదరి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు కడుపుతో ఉన్న ఆ అమ్మాయి సంగతి చూద్దాం. తన సీటు బాత్రూమ్ వైపు ఉంటే ఈ రోజే దక్షిణం కిటికీ దగ్గరకి మార్పించండి. కరెంటు పోయి జనరేటర్ తిరుగుతున్నంతసేపూ బాత్రూమ్ కిటికీ, తలుపు రెండూ మూసి ఉంచండి. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగూ వాసనా లేని వాయువు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి తల్లికీ, కడుపులో బిడ్డకీ అందాల్సిన ఆక్సిజన్ తగ్గిపోతుంది. చిన్న పెట్రోలు జనరేటర్లతో పోలిస్తే డీజిల్ ఇంజన్ నుంచి ఇది తక్కువే వస్తుంది. అలాగని డీజిల్ పొగ మంచిదేం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. జనరేటర్ నడుస్తున్నప్పుడు నలుగురికి ఒకేసారి తల పగిలిపోతున్నట్టు, వాంతి వస్తున్నట్టు అనిపిస్తే కారణాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు. దాన్ని ఆపించి అందరూ బయటికి వచ్చేయండి. తర్వాత ఆస్పత్రికి వెళ్లి, జనరేటర్ పొగ పీల్చామని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు తలనొప్పి అనుకుని పంపించేసే ప్రమాదం ఉంది.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ప్యూరిఫైయరా, మొక్కలా? మీ ఆఫీసుకి ఇప్పుడు రెండూ అక్కర్లేదు.

ప్యూరిఫైయర్ దుమ్మునీ, పొగలోని సన్నటి కణాలనీ బాగానే పడుతుంది. అందులో వాడే హెపా ఫిల్టరు మైక్రానులో మూడో వంతు ఉండే కణాలను కూడా దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కానీ అది తిప్పేది ఆ గదిలో గాలినే. పన్నెండు మంది వదిలిన ఊపిరిని తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ మీకే ఇస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పోదు, తేమ పోదు. కింద నుంచి వచ్చే మందుల వాయువులనైతే ఈ ధరలో దొరికే మిషన్లలోని పలుచని కార్బన్ పొర ఎన్నాళ్లో ఆపలేదు. మొక్కల సంగతి చెప్పాలంటే, ఆ నమ్మకం నాసా వాళ్లు 1989లో ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చింది. అవి మూసేసిన చిన్న పెట్టెల్లో చేసినవి. మామూలు గదుల లెక్కకి మార్చి చూస్తే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాల్సి వస్తుందని 2019లో ఒక పరిశోధన తేల్చింది. కంటికి బాగుంటాయని పెట్టుకుంటే పెట్టుకోండి. కాకపోతే కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమలు, తడి మట్టి వల్ల మరింత చెమ్మ. భీమవరంలో ఈ రెండింటికీ కొదవ లేదు కదా.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు మామూలుగా రాసేశారు. ఆదివారం ఏమీ ఉండదన్నారు. ఆఫీసులో మొదలై, బయటికి రాగానే తగ్గిపోయే ఇబ్బందులంటే ముందు భవనాన్ని అనుమానించాలి. టెన్షన్ అయితే ఆదివారం సెలవు తీసుకోదు. నెలాఖరు లెక్కలున్నప్పుడు అసలే తీసుకోదు.

కొంచెం లెక్క చూద్దాం, మీకు లెక్కలు అలవాటే. కుర్చీలో కూర్చుని పని చేసే మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. పన్నెండు మందికి 216 లీటర్లు. మీ హాలు తొమ్మిది అడుగుల ఎత్తు ఉందనుకుంటే అందులో పట్టే గాలి దాదాపు 1,27,000 లీటర్లు. గాలి చొరబడే సందు లేకపోతే గంటలో పది లక్షల పాళ్లకు 1,700 పాళ్లు పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420 చిల్లర. అంటే పదింటికి ఆఫీసు తెరిస్తే పదకొండుకి రెండు వేలు దాటాలి. తలుపు తీస్తూ మూస్తూ ఉంటారు కాబట్టి అంత కచ్చితంగా జరగదు గానీ, మీ తలనొప్పి పదకొండింటికే ఎందుకు మొదలవుతోందో అర్థమవుతుంది. వెయ్యి దాటితే ఆ గదికి గాలి చాలడం లేదని అనుకోవాలి. ఆ అంకె దగ్గర కార్బన్ డయాక్సైడ్ విషమేమీ కాదు. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి పెట్టుకున్న పరిమితే ఐదు వేలు. కానీ అది పెరిగిందంటే దాంతోపాటు ఒంటి వాసనలు, తేమ, జలుబు క్రిములు, కొత్త టేబుళ్ల ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు అన్నీ పేరుకుంటున్నట్టే. వేడి, చెమ్మ ఉంటే ఆ ఫార్మాల్డిహైడ్ ఇంకా ఎక్కువ వస్తుంది. తెచ్చిన మొదటి నెలల్లో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతుంది.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలు స్ప్లిట్ ఏసీకి ఆ పని రాదు. బయటి యూనిట్‌కీ లోపలి యూనిట్‌కీ మధ్య తిరిగేది గ్యాసు మాత్రమే. మీ ఓనరు గారికి ఈ విషయం చెరువు భాషలో చెబితే వెంటనే ఎక్కుతుంది. నీళ్లు మార్చకుండా మందులు మాత్రం చల్లుకుంటూ పోతే చెరువులో అమోనియా ఏమవుతుందో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. మీ హాల్లో మార్చాల్సింది గాలి.

అయితే తొందరపడి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను కొని బాత్రూములో బిగించేసి, పనైపోయిందనుకోవద్దు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫ్యాను బయటికి ఎంత గాలి తోస్తే అంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. మీ కిటికీలన్నీ మూసి ఉన్నాయి, తెరుచుకునేది మెట్ల తలుపొక్కటే. అంటే గోడౌన్ గాలిని మీరే పైకి లాగుతారు. ఫీడు బస్తాల పొడి, చేప పొట్టు వాసన ఒక ఎత్తు. చెరువుల కోసం అమ్మే బ్లీచింగ్ పౌడర్ ఉంటే అది ఇంకో ఎత్తు. చెమ్మ తగిలితే అందులోంచి క్లోరిన్ మెల్లగా వస్తూనే ఉంటుంది. మన వానాకాలంలో బస్తా మూతి కట్టి ఉన్నా చెమ్మ తగలకుండా ఉండదు. మీ తుమ్ముల్లో కొన్ని అక్కడి నుంచే వస్తున్నా ఆశ్చర్యం లేదు.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. టిష్యూ పేపరు సన్నగా చింపి, మెట్ల తలుపు రవ్వంత తెరిచి, ఆ సందు దగ్గర పట్టుకోండి. ఒకసారి కింది అంచు దగ్గర, ఒకసారి పై అంచు దగ్గర. పేపరు లోపలికి ఊగితే గోడౌన్ గాలి మీ దగ్గరికి వస్తున్నట్టు. బాత్రూములో ఇప్పటికే ఫ్యాను ఉంటే దాన్ని వేసి, ఆపి, రెండు రకాలుగా చూడండి. బాత్రూమ్ తలుపు దగ్గరా ఇలాగే చేయండి. పొద్దున, మధ్యాహ్నం చూస్తే తేడా తెలుస్తుంది. ఇరవై వేలు ఖర్చు పెట్టే ముందు ఈ పది నిమిషాల పని చేసి తీరాలి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. గాలి రావాల్సింది దక్షిణం కిటికీ నుంచి. ఆ కిటికీ పై భాగంలో గాలిని లోపలికి తోసే ఫ్యాను పెట్టించండి. బయట వాన కొట్టకుండా రేకు, దోమల మెష్, లోపల కడిగి వాడుకునే ఫిల్టరు ఉండాలి. బాత్రూములో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను బయటికి తిరగాలి. ఆగినప్పుడు మూసుకుపోయే రెక్కలున్నది కొనండి, లేకపోతే జనరేటర్ పొగకు దారి అదే అవుతుంది. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే కొంచెం ఎక్కువ ఉంటే హాలు ఉబ్బినట్టుగా ఉండి, గోడౌన్ వాసనలు పైకి రావు. మెట్ల తలుపుకి డోర్ క్లోజర్, కింద రబ్బరు పట్టీ వేయించండి.

ఎంత గాలి కావాలి? ఆఫీసుల్లాంటి చోట్ల మనిషికి సెకనుకు కనీసం పది లీటర్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మీ పన్నెండు మందికి గంటకు 430 ఘనపు మీటర్ల చిల్లర. ఫ్యాను అట్టపెట్టె మీద ఎయిర్ డెలివరీ అని రాసి ఉంటుంది. ఫిల్టరు అడ్డుపెడితే ఆ అంకె పడిపోతుంది కాబట్టి 600, 700 ఉన్నది తీసుకుని రెగ్యులేటరు పెట్టించండి. ఆ రెగ్యులేటరు ఎందుకో చెబుతాను. ఢిల్లీ వాళ్ల సలహాలు, విదేశీ వీడియోలు మన డెల్టాకి పనికిరాకుండా పోయేది సరిగ్గా ఈ విషయంలోనే.

మనకు బయటి గాలి అంటేనే నీటి గాలి. చుట్టూ కాలువలు, వరి చేలు, చెరువులు, అటు సముద్రం. జూలై, ఆగస్టుల్లో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీరు ఉంటుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలు, 55 శాతం తేమతో హాయిగా ఉండాలంటే అందులో 13 గ్రాములకు మించకూడదు. మిగిలిన 11 గ్రాములనూ ఏసీయే పిండాలి. గంటకు 430 ఘనపు మీటర్లు తెస్తే దాదాపు ఐదు లీటర్ల నీరు. మీ రెండు ఏసీలూ కొత్తవే అయినా దానికి ఆపసోపాలు పడతాయి. పడలేకపోతే ఆ నీరంతా గోడలకీ, ఫైళ్లకీ, బీరువా వెనక్కీ చేరుతుంది. అందుకే మన దగ్గర 'కిటికీలు తీసేయండి' అన్న సలహా సగమే నిజం.

నేనైతే ఇలా చేస్తాను. పొద్దున ఏసీ వేసే ముందు అరగంట ఫ్యాను ఫుల్లుగా, సీలింగ్ ఫ్యాన్లతో సహా తిప్పాలి. సోమవారం ఇంకాస్త ఎక్కువసేపు, ఎందుకంటే శనివారం రాత్రి నుంచి మూసి ఉన్న గది అది. ఏసీ నడిచేటప్పుడు వాన రోజుల్లో ఫ్యానుని సగానికి తగ్గించాలి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ 1,400 దాకా వెళ్లొచ్చు, ఫర్వాలేదు, ఇప్పటికంటే ఎంతో నయం. భోజనాలకి లేచినప్పుడు ఏసీ ఆపి పావుగంట ఫుల్లుగా పెట్టాలి. ఆఫీసు కట్టేసే ముందు ఫ్యాను ఆపేయాలి. రాత్రంతా నడిపితే తడి గాలిని డబ్బులిచ్చి లోపలికి తెచ్చుకున్నట్టే. సంక్రాంతి ముందూ వెనకా చలి రోజుల్లో అసలు ఏసీయే అక్కర్లేదు, కిటికీ, సీలింగ్ ఫ్యాన్లు చాలు. కాకపోతే కోతల తర్వాత చేలల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో సాయంత్రం పొగ దిగుతుంది. ఆ రెండు మూడు గంటలు ఫ్యాను ఆపుకోండి.

ఇదంతా అంచనాగా చేయక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి, తేమ చూపించేది ఒకటి కొనండి. మొదటిది కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది) అని రాసి ఉండాలి. అది లేని చవక మీటర్లు వేరే వాయువులను చూసి అంకెను ఊహించి చెబుతాయి, అగరుబత్తి వెలిగిస్తే హడావుడి పడతాయి. తేమ 60 శాతం లోపు ఉండేలా చూసుకోండి. 65 దాటితే ఫ్యాను తగ్గించి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి.

ఏసీ ఎంతలో పెడుతున్నారో మీరు రాయలేదు. 18లో పెడుతున్నారని నా అనుమానం, రైతులు వస్తే చల్లగా ఉండాలని చాలా షాపుల్లో అదే అలవాటు. మన దేశంలో అమ్మే రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర ఉండాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. కరెంటు బిల్లు సంగతి అలా ఉంచి, వానాకాలంలో మన గాలి 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్నదేది తగిలినా అక్కడ నీరు వదులుతుంది. ఏసీ నడుస్తున్నప్పుడు తూర్పు అద్దాల బయటి వైపు నీళ్లు కారుతుంటే అదే ఇది. ఏసీ 25, 26లో పెట్టి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. వారం పది రోజులకోసారి ఏసీ జాలీలు తీసి కడగాలి. ఏసీ వేయగానే మురుగు వాసన వస్తే కాయిల్, కింద ట్రే, నీటి పైపు సర్వీసు చేయించాలి. వాసన మీద రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టడం నాకు అసలు నచ్చని పని.

బూజు సంగతి. పడమటి గోడకి నైరుతి వాన నేరుగా కొడుతుంది. లోపలేమో ఏసీ చల్లదనం, బీరువా అడ్డం వల్ల గాలి ఆడదు. ముందు బయట గోడ చీలికలు పూడ్పించి, వాన పడని రోజుల్లో వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. లోపల బీరువాని గోడ నుంచి జానెడు ముందుకి జరపండి. బూజుని పొడిగా గీకొద్దు, దాని విత్తులు హాలంతా ఎగురుతాయి. మాస్కు, గ్లవ్స్ వేసుకుని సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తుమ్ములున్న వాళ్లూ, ఆ అమ్మాయీ ఆ రోజు అక్కడ ఉండకూడదు. తడి ఆరకుండా పైన పెయింటు కొట్టిస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ అదే గోడ, అదే నలుపు.

గోడౌన్‌లో బ్లీచింగ్ బస్తాలు పైకి వచ్చే మెట్ల దగ్గర ఉంటే అక్కడి నుంచి తీసేయించి, గాలి ఆడే వేరే షెడ్డులో చెక్కల మీద పెట్టించండి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌ని వాటి ఛాయలకు కూడా రానివ్వొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ ఒక్కసారిగా లేస్తుంది, అది ప్రాణాల మీదకి తెస్తుంది.

జనరేటర్ పొగ గొట్టం గురించి కాలుష్య నియంత్రణ మండలి లెక్క ఒకటి ఉంది. జనరేటర్ సామర్థ్యాన్ని కేవీఏల్లో (దాని మీద రాసి ఉంటుంది) తీసుకుని, ఆ అంకె వర్గమూలంలో ఐదో వంతు ఎంతో అన్ని మీటర్లు భవనం ఎత్తుకి పైన గొట్టం లేవాలి. 25 కేవీఏ అయితే డాబా కంటే ఒక మీటరు పైకి. ఈ ఖర్చు ఓనరు గారు అనుకున్న ఇరవై వేలలో పట్టదు, విడిగా అడగండి. ఫ్యాన్లు, ఫిల్టరు, డోర్ క్లోజర్, మీటర్లు చాలావరకు అందులో వచ్చేస్తాయి. గొట్టానికి ఆయన వెనకాడితే ఐదో నెల అమ్మాయి సంగతి గుర్తు చేయండి. మంచివారని మీరే రాశారు.

ఒక మాట, కొంచెం మొహమాటంగానే చెబుతున్నాను. దేవుడి పటం ముందు అగరుబత్తులు, శుక్రవారం సాయంత్రం సాంబ్రాణి పొగ, దోమల కోసం బల్లల కింద వెలిగించే కాయిల్ చుట్ట, ఇవి మూసిన ఏసీ హాల్లో వద్దు. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. దీపం పెట్టుకోండి, పువ్వులు పెట్టుకోండి. సాంబ్రాణి వేసేవారిని కింద షట్టరు దగ్గరే ఆపి దక్షిణ ఇచ్చి పంపండి. దోమలకు మెష్ చాలు. బాత్రూములో, ఫైళ్ల బీరువాలో కలరా ఉండలు ఉంటే అవీ తీసేయండి.

డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు తలనొప్పి ఏ రోజు ఎన్నింటికి వచ్చింది, కరెంటు పోయిందా, ఏసీ ఉందా, సెలవు రోజున ఎలా ఉంది, ఇవి రెండు వారాలు రాసి తీసుకెళ్లండి. తుమ్ములున్న వాళ్లలో ఎవరికైనా రాత్రిళ్లు పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఛాతీ డాక్టరుకి చూపించాలి. బూజు పడనివాళ్లకి ఉబ్బసం ముదురుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా రోడ్డు దుమ్మో, గడ్డి పొగో ఇబ్బంది పెడుతుంటే అప్పుడు ప్యూరిఫైయర్ కొనుక్కోవచ్చు. కొనే ముందు మీ హాలు కొలతకి సరిపడేదేనా, ఏటా మార్చాల్సిన ఫిల్టరు ధర ఎంత, అది భీమవరంలో దొరుకుతుందా అని షాపులో అడగమనండి.